ఒళ్ళు లేని అమ్మోరు

రేణిగుంట నుంచి తిరుపతికి పోయే రోడ్డు పక్కన బొమ్మలమ్మే అంగడి ఒకటుంది. అన్నీ సిమెంటువి, ప్లాస్టర్‌వి, ఫైబర్‌వి. కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు గేటు మీద పెట్టుకునే సింహాలు, కల్యాణ మండపాల వాకిట్లో కడవ వంచుకుని నిలబడే ఆడవాళ్ళు, బుద్ధుడు, సాయిబాబా, కొండనెత్తుకుని ఎగిరే హనుమంతుడు. పొద్దున నడకకు బయల్దేరితే ఆ అంగడి ముందు నుంచే పోవాలి. ఆ గుంపులో ఒక మూల, ఇటుకల మీద ఎత్తిపెట్టిన తెల్లటి ఆడతల ఒకటి చాన్నాళ్ళుగా దుమ్ముపట్టి ఉంది. తల, మెడ, భుజాల పైభాగం, అంతటితో సరి. అలలు అలలుగా వెనక్కి దువ్వి ముడేసిన జుట్టు, పాపిట మొదట్లో చిన్న నెలవంక. కళ్ళున్నాయి గానీ కనుపాపలు లేవు. పనివాళ్ళు దాన్ని దొరసాని బొమ్మ అంటారు. ఈమధ్య చూస్తే ఆ తెల్లటి నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు, ఇటుకల దగ్గర నాలుగు కనకాంబరాలు.

బొట్టు పెట్టింది ఆ అంగట్లో సిమెంటు కలిపే ఆవిడ. ఎందుకు పెట్టినావమ్మా అని అడిగాను. చేతిలో పార పక్కన పెట్టకుండానే, "పెట్టకపోతే ఎట్ల సార్? తలకాయ ఒకటే ఉండేది అమ్మోరు గాక ఇంకెవురుంటారు?" అంది. అంతే, మళ్ళీ పనిలో పడిపోయింది. నెలవంకను చూసి పార్వతమ్మ అనుకుని పెట్టిందేమో అనుకోవడానికి లేదు. ఆమె నెలవంక మాటే ఎత్తలేదు. చెయ్యి లేదు, కాలు లేదు, ఆయుధం లేదు, వాహనం లేదు, తల ఒక్కటే ఉంది, కాబట్టి అమ్మవారు. ఇంత గట్టి తర్కం నేనెక్కడా చదవలేదు. ఆ మాట నన్ను పట్టుకుని ఇంటిదాకా వచ్చింది, ఇంట్లోనూ వదల్లేదు.

మా వైపు పల్లెల్లో తిరిగినవాళ్ళకు ఆ మాట కొత్తగా ఉండదు. వేపచెట్టు కింద, చెరువుకట్ట మీద, పొలిమేర గట్టున, మెడ దాకా నేలలో ఉండి తల ఒక్కటే పైకి కనబడే గంగమ్మలు మాకు తెలుసు. పసుపు పూతతో ముఖం పచ్చబడిపోయి ఉంటుంది, ఎవరో మొక్కుకుని చేయించిన వెండి కళ్ళు అతికించి ఉంటాయి, నెత్తిన వేపమండలు. ఆ అమ్మకు ఒళ్ళెక్కడుందని పెద్దవాళ్ళెవరూ అడగరు. పిల్లలు అడుగుతారు. నేనూ అడిగాను. "ఊరి కిందంతా ఉండాది నాయనా, చూసి నడువు" అని మా నాయనమ్మ చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను నిజంగానే మెల్లగా అడుగులేసి నడిచాను. భయం వల్లనా, గౌరవం వల్లనా? ఆ వయసులో ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుంటుంది?

ఇక ఇటుకల మీది దొరసాని సంగతి. ఆమె డయానా. రోమన్లకు వేటకూ అడవికీ చంద్రుడికీ దేవత. నెలవంకే ఆమె గుర్తు. తలలో గోధుమ కంకులుంటే సిరీస్, తలకు యుద్ధపు టోపీ ఉంటే మినర్వా, పూలుంటే ఫ్లోరా. చేతులు లేని బొమ్మలో ఆయుధం ఎక్కడ పెడతారు, అందుకని గుర్తులన్నీ తల మీదికెక్కాయి. క్రీస్తుశకం 391లో థియొడోసియస్ చక్రవర్తి పాత దేవతల పూజలు నిషేధించాడు. గుళ్ళు మూతపడ్డాయి, దీపాలు కొండెక్కాయి. వెయ్యేళ్ళు గడిచాక, పదిహేను పదహారు శతాబ్దాల్లో, ఫ్లోరెన్సులోనూ రోములోనూ మాంతువాలోనూ శిల్పులు ఆ దేవతల ముఖాలను మళ్ళీ పాలరాతిలో చెక్కడం మొదలుపెట్టారు. చెక్కినవాళ్ళూ చెక్కించుకున్నవాళ్ళూ ఆదివారం తప్పకుండా చర్చికి పోయి మేరీమాత ముందు మోకరిల్లేవాళ్ళే. మరి మొక్కని దేవతను ఎందుకు చెక్కుకున్నట్టు? మొక్కులేని చోట ఆ ముఖంలో ఏం చూసుకున్నట్టు?

అసలు ఛాతీ దగ్గర మనిషిని కోసేసి ముఖాన్ని మాత్రం నిలబెట్టాలన్న ఆలోచనే చిత్రమైనది. రోమన్లు చేసిన తలలకు కింద అంచు గుండ్రంగా ఉంటుంది, దాని కింద చిన్న పీట ఉంటుంది. చూడగానే ఇది బొమ్మ, ఇంతవరకే చేశారు అని తెలిసిపోతుంది. ఫ్లోరెన్సు శిల్పులు మొదట్లో అట్లా చేయలేదు. భుజాల కింద చేతుల మీదుగా అడ్డంగా, తిన్నగా కోశారు. పీట లేదు. గోడ అవతల మనిషి నిలబడి ఉంటే మనకు పైభాగం మాత్రం కనబడుతున్నట్టు ఉంటుంది. మీనో ద ఫియెసోలె 1453లో చేసిన పియెరో ద మెదిచి పాలరాతి ప్రతిమ ఇట్లాంటివాటిలో తేదీ తెలిసిన మొదటిదని చెబుతారు. ఆ కోతకు మూలం చర్చిల్లో ఉందని కళాచరిత్రకారుల్లో ఒక వాదం. పుణ్యపురుషుల ఎముకలు దాచడానికి తల, భుజాల ఆకారంలో వెండి, బంగారు పెట్టెలు చేసేవాళ్ళు. నేపుల్స్‌లో సాన్ జెన్నారో కపాలం కోసం 1305లో చేసిన పెట్టె ఇప్పటికీ పండుగనాడు ఊరేగుతుంది. లోపల ఎముక ఉంది కాబట్టి బయటి ముఖానికి దండం. ఆ తర్వాతి తరాలు లోపలి ఎముకను తీసేసి ముఖాన్ని ఉంచుకున్నాయి. వసారి అనే చిత్రకారుడు రాసిన కళాకారుల జీవితచరిత్రల్లో ఒక సంగతి ఉంది: ఫ్లోరెన్సులో ఏ ఇంటికి పోయినా తలుపుల మీద, కిటికీల మీద, పొయ్యి గట్ల మీద చచ్చిపోయినవాళ్ళ ముఖాల అచ్చులు కనబడేవట. మన ఇళ్ళల్లో గుమ్మం పైన ప్లాస్టిక్ దండలేసిన తాతల ఫొటోలున్నట్టు. అంటే ఆ తెల్లటి తలల వంశంలో ఎక్కడో వెనక ఒక దేవుడి గూడు ఉంది, ఒక చావు ఉంది. బొట్టు పెట్టినావిడ పసిగట్టింది ఆ వాసనేనా?

బెర్లిన్ మ్యూజియంలో ఫ్లోరా అని ఒక ప్రతిమ ఉంది. పాలరాయి కాదు, మైనం. 1909లో విల్హెల్మ్ ఫాన్ బోడె అనే పెద్దాయన లియొనార్డో దావించీ చేతి పనేనని నమ్మి మ్యూజియానికి కొన్నాడు. కాదు, మా నాయన చేశాడు అని ఇంగ్లండులో ఒక ముసలాయన ప్రమాణం చేశాడు. ఆయన తండ్రి రిచర్డ్ కాకిల్ లూకస్, పందొమ్మిదో శతాబ్దపు శిల్పి. విప్పి చూస్తే బొమ్మ లోపల ఆ శతాబ్దపు వార్తాపత్రికల ముక్కలు. అయినా తగువు తెగలేదు. 2021లో కర్బన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. మైనంలో ఎక్కువభాగం తిమింగలం తల నుంచి తీసిన కొవ్వు, అదీ పందొమ్మిదో శతాబ్దానిదే. వందేళ్ళు పండితులు, పత్రికలు, శాస్త్రవేత్తలు ఆ ముఖం చుట్టూ తిరిగి అడిగిందంతా ఒక్కటే, చేసిందెవరు అని. అది అడగదగిన ప్రశ్నే. కానీ ఇన్నేళ్ళలో ఆ తలను చూసి అమ్మవారేనా అని అడిగినవాళ్ళు మాత్రం కనబడరు. రేణిగుంట అంగడిలో ఆవిడ అడిగింది ఆ ప్రశ్నే. జవాబు కూడా ఆమే చెప్పుకుంది.

అయితే ఆ కాలపువాళ్ళందరికీ ఆ రాతితలలు కేవలం అలంకారాలేనని అనలేను. ఆంద్రేయా మాంతెన్యా కథ చదివాక అస్సలు అనలేను. మాంతెన్యా చిత్రకారుడు, మాంతువా ప్రభువుల కొలువులో యాభై ఏళ్ళ దగ్గర బతికినవాడు. పాత రోమన్ శిథిలాలంటే ప్రాణం. ఆయన దగ్గర ఫౌస్టీనా అనే రోమన్ మహారాణి పాలరాతి తల ఉండేది. 1506 నాటికి వయసు డెబ్బై దాటింది, ఒంట్లో బాగాలేదు, ఇంటి మీద అప్పులు. జనవరిలో రాణి ఇజబెల్లా దెస్తెకు ఉత్తరం రాశాడు, నా ఫౌస్టీనాను అమ్ముకోవాల్సి వచ్చింది, పరాయివాళ్ళకంటే మీ దగ్గరుంటే మేలని. అడిగిన వెల నూరు డకట్లు. ఇజబెల్లాకూ పాత శిల్పాలంటే తగని మోజు, అయినా బేరం నెలల తరబడి నడిచింది. ఆగస్టులో ఆయన తలను అప్పగించాడు. తీసుకోవడానికి వచ్చిన మనిషికి ఎన్నో జాగ్రత్తలు చెప్పాడట. దీన్ని ఎడబాసి ఈయన ఎక్కువ రోజులు బతకడని ఆ మనిషి రాణికి రాశాడట. సెప్టెంబరులో మాంతెన్యా చనిపోయాడు.

ఆ ముసలాయనకు, ఆ రాతికి మధ్య ఉన్నదేమిటి? భక్తి కాదు, ఆయన క్రైస్తవుడు. సొత్తు మీద మమకారం అంటే చాలదు, సొత్తు పోయిందని చనిపోయేవాళ్ళు వెల నూరుకు పట్టుబట్టి అమ్ముకోరు. రోజూ పొద్దున లేచి ఒక ముఖాన్ని చూడటం, ఆ ముఖం తనను చూస్తోందో లేదో తెలియకుండానే దశాబ్దాలు చూస్తూ ఉండటం. మా నాయనమ్మకు పొలిమేర గంగమ్మతో ఉన్న అలవాటు ఇట్లాంటిదే. ఆమె ఆ దారిన పోతూ ఆగి, వరాలడగకుండా, ఇంట్లో సంగతులు చెప్పుకునేది. ఎద్దు కుంటుతోందని, కోడలికి నెల తప్పిందని. రెంటినీ ఒకటే అనడానికి నాకు ధైర్యం చాలదు గానీ, వేరని తోసెయ్యడానికీ మనసొప్పదు.

ఆ ఫౌస్టీనా పుట్టుకతో దేవత కాదన్నది మరో సంగతి. ఆమె ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్య. క్రీస్తుశకం 140 ప్రాంతంలో చనిపోతే రోమన్ సెనేట్ ఆమెను దేవతగా ప్రకటించింది. రోము నడిబొడ్డున గుడి కట్టించారు, పూజారిణులను పెట్టారు, ఆమె ముఖంతో నాణేలు అచ్చుపోశారు. ఆ గుడి స్తంభాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, లోపల మాత్రం చర్చి. ఇది చదివినప్పుడు నాకు ఏమాత్రం దూరదేశపు కథలా తోచలేదు. తెలుగు పల్లెల్లో పేరంటాళ్ళ గుళ్ళు ఎన్ని లేవు? అన్యాయంగా చచ్చిపోయిన కోడలు, మొగుడి చితిలో దూకిన ఇల్లాలు, ఊరి చెరువు నిలవడం కోసం ప్రాణమిచ్చిందని చెప్పుకునే పిల్ల, ఊరికి అమ్మలైపోతారు. అక్కడ సెనేట్ తీర్మానం, ఇక్కడ ఎవరి కల్లోనో కనబడి గుడి కట్టమని అడగడం. అక్కడ మహారాణి, ఇక్కడ ఎక్కువగా దిక్కులేని ఆడది. ఈ తేడా చిన్నది కాదు, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆ రోమన్ ముఖాలు మన దాకా రానూ వచ్చాయి. కడలి వర్తకంలో మిరియాలకూ నూలుబట్టలకూ బదులుగా వచ్చిన రోమన్ బంగారు, వెండి నాణేలు ఆంధ్రదేశంలో చాలాచోట్ల దొరికాయి. వినుకొండలో దొరికాయి, నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో కుప్పగా దొరికాయి. దక్షిణదేశంలో దొరికిన బంగారు కాసుల్లో కొన్నింటికి ముఖం పైన చిల్లులున్నాయి. అంటే దారం గుచ్చి మెడలో వేసుకున్నారు. ఆ ముఖం ఎవరిదో వేసుకున్న ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు. తల ఒక్కటే ఉంది, బంగారంలో ఉంది, మెడలో వేసుకోవడానికి ఆ రెండు సంగతులు చాలు. ఇప్పటి కాసుల పేరులో లక్ష్మీదేవి కూర్చున్న చోట ఒకప్పుడు రోము ముఖం ఉండేదన్నమాట.

పాలరాతి ఆడమనిషిని నేను మొదటిసారి చూసింది హైదరాబాదులో, సాలార్‌జంగ్ మ్యూజియంలో. నాయన రైల్వేలో పనిచేసేవాడు. పాసు మీద వెంకటాద్రిలో పోయి, రాత్రంతా కూర్చుని, కాచిగూడలో దిగి, ఎండలో మూసీ ఒడ్డుకు వెళ్ళాం. గడియారం దగ్గర గంట కొట్టే బొమ్మ కోసం జనమంతా కూర్చుంటే, అమ్మ మాత్రం ముసుగు రెబెకా దగ్గర నిలబడిపోయింది. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నుంచి తెచ్చాడు. రెబెకా దేవత కాదు, బైబిలు కథలో పెళ్ళికూతురు. పెళ్ళికొడుకు ఎదురుగా వస్తున్నాడని తెలిసి ముసుగు లాక్కుంటుంది. ముసుగూ రాయే, ముసుగు కింద ముఖమూ రాయే, అంతా ఒకే రాయి. ముక్కు దగ్గర ముసుగు పలచబడి, గదవ దగ్గర మడతపడి, మళ్ళీ భుజం మీద జారిపోతుంది. దగ్గరికి పోయి చూస్తే ఆ పలచదనమంతా ఎక్కడో మాయమై గరుకురాయి మిగులుతుంది. రెండడుగులు వెనక్కి వస్తే మళ్ళీ బట్ట. అమ్మ చాలాసేపు చూసి, "ఎవురిని చూసి సిగ్గుపడతా ఉండాదో ఈ పిల్ల" అంది. ఆమెకు ఆ బొమ్మలో గొప్ప పనితనం కాదు, ఒక ఆడపిల్ల కనబడింది.

నాకు మాత్రం ఆ తెలుపు లోపల ఎక్కడో ఇబ్బంది పెట్టింది. ఏ రంగూ లేని ముఖం మా ఇళ్ళల్లో చావుకు సంబంధించినది. చాలా ఏళ్ళకు తెలిసింది, రోమన్లు తమ పాలరాతి దేవతలకు రంగులేసేవాళ్ళని, పెదాలకు ఎరుపు, జుట్టుకు బంగారు పూత, కళ్ళకు నలుపు. మట్టిలో వందల ఏళ్ళుండి ఆ రంగులు కరిగిపోయాయి. తవ్వి తీసినవాళ్ళు తెల్లగా చూసి, తెలుపే అందం అనుకుని, తామూ తెల్లగానే చెక్కారు. హేడ్రియన్ చక్రవర్తి కాలం నుంచి రోమన్ శిల్పులు కనుపాపలను రాతిలో తొలవడం నేర్చారు గానీ, తర్వాతి వాళ్ళలో చాలామంది కళ్ళను నున్నగా వదిలేశారు. మన శిల్పులకు కళ్ళే కడసారి పని. తిరుపతిలో దేవస్థానం వాళ్ళు 1960 నుంచి శిల్పవిద్య నేర్పుతున్నారు. అక్కడ పిల్లలు కృష్ణశిల ముందు చతికిలపడి, ఉలి మీద సుత్తి చప్పుడు ఒకే తాళంలో సాగుతుండగా, మెడలో హారం పూసలు ఒక్కొక్కటే తేలుస్తుంటే చూశాను. ఎంత పనైనా, ప్రతిష్ఠనాడు బంగారు సూదితో కళ్ళు తెరిచేదాకా అది రాయే. తెరిచాక మొదటి చూపు మనుషుల మీద పడకుండా అద్దం చూపిస్తారు. ఆ లెక్కన చూస్తే ఇటలీ దేవతల మీద ఎప్పటికీ జరగని ముహూర్తం ఒకటి ఆగి ఉంది. అంగడిలో ఆవిడ కళ్ళ జోలికి పోలేదు, నుదుటి మీద పెట్టి ఊరుకుంది. అంతవరకే తన అధికారం అనుకుందేమో.

తల సరే, ఒళ్ళెవరిది? నేను తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తున్నాను. మాంతెన్యా తన ఫౌస్టీనాను వదులుకున్న ఏడాదే, 1506 జనవరి 14న, రోములో ఒక ద్రాక్షతోటలో లావొకూన్ అనే ప్రాచీన శిల్పం బయటపడింది. కుడిచెయ్యి లేదు. ఎట్లా ఉండేదో ఊహించి పైకి చాచిన చెయ్యి ఒకటి చేసి అతికించారు. నాలుగు వందల ఏళ్ళకు, 1906లో, లుడ్విగ్ పోలాక్ అనే ఆయనకు అసలు చెయ్యి దొరికింది, అది వెనక్కి మడిచి ఉంది. ఆ కాలంలో ఇట్లా అతకడం మామూలు. ముక్కు లేనిదానికి ముక్కు, తల లేని మొండేనికి వేరే తల, తలకు ఇంకెవరిదో మొండెం. ఏ దేవత తల ఏ మహారాణి ఒంటి మీద ఉందో తేల్చుకోలేక మ్యూజియాలు ఇప్పటికీ తంటాలు పడుతుంటాయి.

ఈ తలల మార్పిడి మా వైపు ఆడవాళ్ళు దంచుకుంటూ దంచుకుంటూ చెప్పుకునే కథే. జమదగ్ని కోపానికి కొడుకు పరశురాముడు తల్లి రేణుక తల నరుకుతాడు, కాపాడబోయి వాటేసుకున్న మాతంగి తలా తెగుతుంది. తల్లిని బతికించమని వరమడిగినప్పుడు ఆత్రంలో తలలు తారుమారవుతాయి. ఋషిపత్ని తలకు మాతంగి ఒళ్ళు, మాతంగి తలకు ఋషిపత్ని ఒళ్ళు. ఒకరు ఎల్లమ్మ, ఒకరు మారెమ్మ. సరిహద్దు దాటితే, తెలుగు, తమిళం కలగలిసి వినబడే గుడియాత్తంలో, ఏటా మే నెలలో గంగమ్మ శిరస్సును ఊరేగించి తెచ్చి గుడిలోని ఒంటికి అమర్చి కళ్ళు తెరుస్తారు. ఆ ఒళ్ళు మాతంగిది. మా కుప్పంలోనూ శిరస్సు ఊరేగుతుంది. జనం వేలల్లో వచ్చేది ఆ తలను ఒక్కసారి చూడటానికి.

రేణిగుంటకు దగ్గరలోనే, స్వర్ణముఖి పక్కన, గుడిమల్లంలో పరశురామేశ్వరుడున్నాడు. అయిదడుగుల లింగం, దాని ముందువైపు నిలబడిన శివుడు. క్రీస్తుకు ముందటిదని చాలామంది పండితుల మాట. అదే నిజమైతే ఫౌస్టీనా కంటే పాతది. కుడిచేతిలో వెనక కాళ్ళు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, ఎడమ భుజం మీద గొడ్డలి. నడుముకు కట్టిన బట్ట ఎంత పలచగా చెక్కారంటే తొడల నునుపు దాని కింద తెలుస్తూనే ఉంటుంది. బెంజోనికి రెండువేల ఏళ్ళ ముందు మన శిల్పి రాతిలో బట్టను పలచబరిచాడు. కానీ నా కన్ను ఎప్పుడూ పోయేది ఆ బట్ట మీదికి కాదు, శివుడి పాదాల కిందికి. అక్కడ ఒక మరుగుజ్జు యక్షుడు వంగి కూర్చుని ఆయన్ను భుజాల మీద మోస్తున్నాడు. మోస్తున్నవాడి ముఖంలో నొప్పి లేదు. పెద్ద నోరు, వెడల్పాటి చెవులు, ఇంకెంతసేపైనా మోయగలనన్న నిబ్బరం. గుడి లోపల దీపం వెలుగు అతడి దాకా సరిగా చేరదు. అయినా ఆ శిల్పానికి ఒళ్ళు ఎవరని అడిగితే నేను ఆ యక్షుణ్ణే చూపిస్తాను.

మాతంగి ఒళ్ళు లేకపోతే రేణుక తలకు నిలబడే చోటు లేదు. కథలో ఈ సంగతి అందరికీ తెలుసు, తెలిసీ తలకే పసుపు రాస్తాం. 1505లో మైకెలాంజిలో పోపు సమాధి కోసం రాళ్ళు ఏరడానికి కరారా కొండల్లో నెలల తరబడి ఉన్నాడు. ఆ రాళ్ళను నిటారు వాలు మీద తాళ్ళతో, కొయ్యదుంగలతో కిందికి దించిన కూలీలు ఎవరి ప్రతిమలోనూ లేరు. మా జిల్లా క్వారీల్లో గ్రానైట్ కోసేవాళ్ళ ముఖాలూ ఎక్కడా లేవు. రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని నలభైకే ముసలివాళ్ళయ్యేవాళ్ళను నేను చూస్తూ పెరిగాను. తలను మాత్రం నిలబెట్టి, మోసిన ఒంటిని చూపు కిందికి నెట్టేయడం ఆ దేశమని, ఈ దేశమని లేకుండా జరిగింది. ఈ సంగతిలో నాకు కోపం ఉంది, దాచుకోను.

మహారాణికీ దిక్కులేనివాళ్ళకూ ఉన్న తేడా దగ్గరికి మళ్ళీ వస్తానన్నాను. ఫ్రాన్సులో రెండో హెన్రీ రాజు ప్రియురాలు డయాన్ ద పొఆతియేను డయానా దేవతగా చూపించేవాళ్ళు, పేరూ కలిసింది, నెలవంకా కలిసింది. ఇటలీలోనూ గొప్పింటి ఆడవాళ్ళకు దేవతల వేషాలు కొత్త కావు. మొక్కు పోయిన దేవత ముఖం ఖాళీగా ఉంది, డబ్బున్నవాళ్ళు అందులోకి చేరారు. అంతకు కొన్నేళ్ళ ముందే, 1513లో, కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల కొండెక్కాడు. ఆయన, తిరుమలదేవి, చిన్నాదేవి రాగి ప్రతిమలై ఇప్పటికీ మహాద్వారం దాటగానే నిలబడి ఉన్నారు. చేతులు జోడించి. అంత రాజ్యమున్న రాణులు కూడా అమ్మవారి ముఖం తీసుకోలేదు, వాకిట్లో భక్తులుగా నిలబడ్డారు. రద్దీలో తోసుకుంటూ పోయే మనం వాళ్ళ వైపు తలతిప్పం. నాకు ఆ రాగిచేతులంటే గౌరవం.

మరి అమ్మవారి వేషం మావాళ్ళలో ఎవరికి దక్కింది? మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చూడాలి. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడు దాక్కుంటే, వాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో రూపం మార్చుకుని వీధులు తిరిగిందని కథ. ఆ వారమంతా బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు, ఇట్లా వేషాలు. అమ్మకు ఒళ్ళు ఇచ్చేది కైకాల కుటుంబాల మగవాళ్ళు. వాళ్ళే కాదు, మొక్కుకున్న ఆటో డ్రైవరు, కూరగాయల బండివాడు, కాలేజీ పిల్లవాడు, చీరకట్టి, జడవేసి, కాటుక దిద్దుకుని, ఎండలో చెమట కారుతుండగా అమ్మగా నడుస్తారు. దారిలో ముసలివాళ్ళు వాళ్ళ కాళ్ళకు నీళ్ళు పోసి మొక్కుతారు. గంగమ్మకు ఒళ్ళెక్కడ అని చిన్నప్పుడు నేనడిగిన ప్రశ్న ఆ వీధుల్లో ఎవరికీ రాదు. రావాల్సిన అవసరం లేదు.

చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మ విశ్వరూపం చేస్తారు. పెద్ద ముఖం, పెద్ద కళ్ళు, రంగులు. ఏ ఫ్లోరెన్సు శిల్పీ తన పని తెల్లవారేసరికి లేకుండా పోతుందని తెలిసి చెక్కి ఉండడు. ఇక్కడ చేసేవాళ్ళకు అది ముందే తెలుసు. తెల్లవారుజామున పేరంటాలు వేషంలో ఉన్న కైకాల ఆయన వచ్చి అమ్మ చెంప నరుకుతాడు. అంతే, ఆ మట్టి కోసం జనం విరగబడతారు. పిడికెడు దొరికితే అదృష్టం. నీళ్ళలో కలుపుకుని తాగితే రోగం పోతుందంటారు, ఒంటికి రాసుకుంటారు. మాంతెన్యా ఈ జాతర చూసి ఉంటే తట్టుకునేవాడా? ఒక ముఖాన్ని నూరు డకట్లకు రాణి చేతిలో పెట్టడానికే ప్రాణం పోగొట్టుకున్న మనిషి, ముఖాన్ని ముక్కలు చేసి ఊరంతా పంచుకునేవాళ్ళను ఏమని అనుకునేవాడు? నిలబెట్టుకోవాలన్న ఆయన ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ పిడికెడు మట్టి కోసం చెయ్యి చాచే గుంపులో నిలబడితే నా చెయ్యి కూడా దానంతటదే ముందుకు పోతుంది.

మా మేనత్త తిరుపతి కొర్లగుంటలో ఉండేది. జాతర మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, కొంగున మట్టి ముడేసుకుని రేణిగుంట వచ్చేసేది. ఆ ముడి విప్పి వాటాలు వేసేది: బియ్యం డబ్బాలో కొంచెం, గేదె కుడితిలో కొంచెం, పక్కింటి బాలింతకు కొంచెం. ఒక ఏడు నాకు జ్వరం. చిటికెడు మట్టి నుదుటికి పట్టించి, మిగిలింది గ్లాసు నీళ్ళలో కలిపి నోటి దగ్గర పెట్టింది. ఇది అమ్మవారి కన్నా, ముక్కా అని అడిగాను. "కన్నో చెంపో నాకేం తెలుసురా, ఆ తోపులాటలో దొరికిందే గొప్ప. తాగు ముందు, ఇంకా గేదె దగ్గరికి పోవాల" అంది.